ఏరంటే నీళ్లు

ఖమ్మం దాటి వైరా, తల్లాడ మీదుగా పోతున్నంత సేపూ అంతా నాకు తెలిసిన లోకమే. విత్తనానికి సిద్ధం చేసిన పత్తి చేలు, కాలువ గట్లు, రోడ్డు వారన మామిడి తోటలు. ఏన్కూరు వెనకబడి జూలూరుపాడు వచ్చేసరికి మాత్రం చేలు పలచబడి, టేకు చెట్లు రోడ్డు దగ్గరికి జరిగి వస్తాయి. జూన్ రెండో వారం. ముందు రాత్రే తొలకరి పడింది. బస్సు కిటికీలోంచి తడిసిన ఆకు వాసన, దాని వెనకే కొత్తగూడెం బొగ్గు వాసన వచ్చాయి. అక్కడి రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. రైలు దిగిన భక్తుడు రాముణ్ణి చూడాలంటే ఇంకో 40 కిలోమీటర్లు పోవాలి.

మాది ఖమ్మం. భద్రాచలం మా ఇంటికి 120 కిలోమీటర్లు. చిన్నప్పుడు శ్రీరామనవమికి వెళ్లాం, ముక్కోటికి వెళ్లాం, పాపికొండలు చూడటానికి లాంచీ ఎక్కాం. రామదాసుగా లోకానికి తెలిసిన కంచర్ల గోపన్నది మా పక్క ఊరు నేలకొండపల్లి అని గొప్పగా చెప్పుకున్నాం. ఏటా మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు ట్రాక్టర్లలో నిలబడి వెళ్తుంటే చూశాను. వాళ్లు ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారో ఒక్కసారి కూడా అడగలేదు.

ఈసారి ప్రయాణం గుడి కోసం కాదు, బడి కోసం. నాతో బి.ఎడ్. చదివిన స్నేహితురాలు చర్ల వైపు అడవి అంచున ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు. "జూన్ 12న బడి తెరుస్తాం. మొదటి రోజు వచ్చి వెనక వరసలో కూర్చో. నీ జర్మనీ క్లాసు నీకు గుర్తొస్తుంది" అని ఫోన్ చేసింది.

ఆ క్లాసు గురించి తనకు చాలాసార్లు చెప్పాను. 2011 అక్టోబరులో ఎక్స్‌ఛేంజ్ విద్యార్థిగా హైడెల్‌బెర్గ్ వెళ్లాను. 1386లో పెట్టిన విశ్వవిద్యాలయం అది. టైంటేబుల్‌లో పది గంటలకు క్లాసు అని ఉంటే తొమ్మిదిన్నరకే వెళ్లి కూర్చున్నాను. పదయింది. గదిలో నేనొక్కదాన్నే. తప్పు గదికి వచ్చానేమోనని రెండుసార్లు బయటికి వెళ్లి తలుపు మీద నంబరు చూసుకున్నాను. పదీ పదికి ఒక్కొక్కరే వచ్చారు, పదింపావుకు ప్రొఫెసరు వచ్చాడు. టైంటేబుల్‌లో పది పక్కన సి.టి. అని చిన్న అక్షరాలున్నాయి. పావుగంట ఆలస్యంగా మొదలవుతుందని దానికి అర్థమట. ఆ అక్షరాలు నేనూ చూశాను, అర్థం ఉంటుందనుకోలేదు. క్లాసు అయిపోగానే అందరూ వేళ్ల కణుపులతో బల్లల మీద టకటక కొట్టారు. ఏదో గొడవ మొదలైందని నా గుండె ఝల్లుమంది. అక్కడ విద్యార్థులు ప్రొఫెసరుకు కొట్టే చప్పట్లు అవేనని పక్కనున్న అమ్మాయి చెప్పింది.

అంత భయంలోనూ నేను ఒంటరిని కాను. నన్ను స్టేషన్ నుంచి తీసుకెళ్లడానికి ఒక విద్యార్థిని వచ్చింది. క్లాసులకు ముందు భాష నేర్పడానికి కోర్సు పెట్టారు. ఆ కోర్సులో మొదటి రోజు నేర్పిన మాట "వీ బిట్టె?" ఎదుటివాళ్లు చెప్పింది అర్థం కాకపోతే "ఏమన్నారు, మళ్లీ చెప్పండి" అని అడగడం. నా పేరు చెప్పుకోవడం కూడా ఆ తర్వాతే నేర్చుకున్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాది గడిపాను.

భద్రాచలం చేరేసరికి సాయంత్రమైంది. కరకట్ట మీద కూర్చుంటే కింద గోదావరి ఇసుక తిన్నెల మధ్య పాయలుగా చీలి పారుతోంది. ఈ ఊళ్లో నది ఎత్తు అడుగుల్లో నోటికి వస్తుంది అందరికీ. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. నా పక్కన బజ్జీల బండి ఆయన నలభై మూడు, నలభై ఎనిమిది అని మన పిల్లలు ఎక్కాలు చెప్పినట్టు చెప్పాడు. హైడెల్‌బెర్గ్‌లో నెకార్ నది ఒడ్డునా ఇంతే. పాత వంతెన దగ్గర రాతి మీద వరద వచ్చిన ఏళ్లు, నీళ్లు ఎక్కిన ఎత్తులు చెక్కి ఉంటాయి. 1784లో మంచుగడ్డలతో వచ్చిన వరద అంతకుముందున్న వంతెనను తుడిచిపెట్టేసింది. నది ఒడ్డున ఉండేవాళ్లు ఎక్కడైనా నదిని గుర్తుపెట్టుకుంటారు, అంకెల్లోనో రాతి గీతల్లోనో.

నది కన్నా ఎక్కువగా కదిలినవి ఇక్కడి సరిహద్దులు. 1874 వరకు ఈ తాలూకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. ఆ ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు కోసం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. మర్నాడు పొద్దున జీపులో దుమ్ముగూడెం వైపు బయల్దేరితే, ఊరు దాటిన కాసేపటికే ఎటపాక. అంటే ఆంధ్రప్రదేశ్. మళ్లీ కాసేపటికి తెలంగాణ. దారిలో ఉన్న చింతచెట్లకూ, వాటి కింద ఇప్పపలుకులు ఆరబోసుకున్న ఆడవాళ్లకూ ఏ తేడా లేదు. ఆ చెట్ల కింద వినబడిన మాట రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే, కోయ.

దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టను చూడటానికి దిగాను. గోదావరి మీద పడవలను పైకి నడిపించాలని 19వ శతాబ్దంలో హేగ్ అనే ఇంజనీరు కట్టించినది. ఆ హేగే కోయ భాషలోకి సువార్తను అనువదించాడు. తర్వాత జాన్ కెయిన్ అనే ఇంగ్లండు మిషనరీ ఈ ఊళ్లో ఏళ్ల తరబడి ఉండి కోయల ఆచారాలనూ మాటలనూ రాసిపెట్టాడు. ఆ తర్వాతి శతాబ్దంలో స్టీఫెన్ టైలర్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు ఇక్కడి గొమ్ము కోయల దగ్గర, అంటే ఏటి ఒడ్డు కోయల దగ్గర, భాష నేర్చుకుని 1969లో దాని వ్యాకరణం అచ్చు వేయించాడు. వాళ్లలో ఒకరు ఆనకట్ట కోసం వచ్చారు, ఒకరు మతం కోసం వచ్చారు, ఇంకొకరు చదువు కోసం వచ్చారు. ఎందుకు వచ్చినా ఒక పని మాత్రం చేశారు. కింద కూర్చుని "దీన్ని మీరేమంటారు?" అని అడిగారు. ఆనకట్ట మీద నిలబడి లెక్క వేసుకున్నాను. ఇంగ్లండు, అమెరికా నుంచి వచ్చినవాళ్లకు ఈ భాష దగ్గరైంది. ఖమ్మం నుంచి నాకు 46 ఏళ్లు పట్టింది.

చర్ల దాటాక తారు రోడ్డు మట్టి బాట అయింది. బడి ఉన్న ఊరి పేరు రాయను. అక్కడ సగం ఇళ్లు గొత్తికోయలవి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టుల మీదికి సల్వా జుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక ఊళ్లు తగలబడి, రెండు తుపాకుల మధ్య బతకలేక, అడవి దాటి ఇటు వచ్చినవాళ్లు. 2011లో సుప్రీంకోర్టు సల్వా జుడుం చెల్లదని తీర్పు చెప్పింది, కానీ వచ్చినవాళ్లలో చాలామంది తిరిగి పోలేదు. వాళ్ల బతుకు ఇంకా కాగితాల మీద కుదురుకోలేదు. అందుకే ఊరి పేరు నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

బడి ఒకటే గది, ముందు వరండా. గోడకు కొత్త సున్నం. గుమ్మానికి మామిడాకులు. పిల్లలు పట్టాల మీద కూర్చున్నారు. ఒకటో తరగతికి వచ్చిన చిన్నవాళ్లు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ఉన్నారు. నా స్నేహితురాలు గోడ మీద బొమ్మల చార్టు చూపించి, "ఇది ఏమిటి?" అంది. ఇ దగ్గర ఇల్లు బొమ్మ. ఒక పిల్లవాడు వెంటనే లేచి "లోన్" అన్నాడు. వాడు చెప్పింది తప్పు కాదు. కోయలో ఇల్లంటే లోన్. మనం 'లోన' అనే మాటా, 'లోగిలి' అనే మాటా దాని చుట్టాలే. కానీ తనిఖీకి వచ్చినవాళ్ల కాగితంలో ఆ జవాబుకు సున్నా పడుతుంది. ఆమె మాత్రం "లోన్, అవును. తెలుగులో ఇల్లు" అని రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాసింది.

విరామంలో తన మొదటి ఏడాది గురించి చెప్పింది. "ఒకడుండేవాడు. నేను ఏది అడిగినా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని 'నన్న, నన్న' అనేవాడు. వాళ్ల నాన్న ఎక్కడికో పనికి పోయాడేమో, గుర్తొస్తున్నాడేమోనని దగ్గరికి తీసుకుని ఓదార్చేదాన్ని. రోజూ అంతే. ఆరు నెలలకు వంట చేసే అక్క చెప్పింది. కోయలో నన్న అంటే నేను. 'నేను చెప్తా, నేను చెప్తా' అంటున్నాడు వాడు. బోర్డు దగ్గరికి పిలవమని అడుగుతున్నాడు. నేనేమో కళ్లు తుడిచి కూర్చోబెట్టాను, ఆరు నెలలు."

ఈ మాట చెప్పి తను వరండా అవతలికి చూస్తూ ఉండిపోయింది. నాకూ ఏమనాలో తోచలేదు. వంట గదిలోంచి పప్పు తాలింపు వాసన వచ్చింది. వంట చేసే అక్క కోయ మనిషి. ఆమె గుమ్మంలో నిలబడి ఒక్క మాట అనగానే, అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న చిన్నవాళ్ల భుజాలు దిగాయి. హైడెల్‌బెర్గ్‌లో నన్ను స్టేషన్‌లో కలుసుకున్న అమ్మాయి చేసిన పని ఇక్కడ ఈ అక్క చేస్తోంది. జీతం వంటకు మాత్రమే.

మధ్యాహ్నం నా పక్కన ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. తొమ్మిదేళ్లుంటాయి. వాళ్లు అవతలి నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. అక్కడ రెండో తరగతి చదివిందట, హిందీలో. ఇక్కడ ఆరేళ్ల పిల్లలతో కలిసి మళ్లీ అ ఆలు దిద్దుతోంది. ఇంటి భాష ఒకటి, మొదటి బడి భాష ఒకటి, రెండో బడి భాష ఇంకొకటి. పలక మీద 'అమ్మ' అని రాసింది. రాసి, అలవాటు కొద్దీ ఆ అక్షరాల నెత్తి మీద ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసింది, హిందీ అక్షరాలకు గీసినట్టు. తెలుగు అమ్మకు హిందీ పైకప్పు. గీసిన వెంటనే గుర్తొచ్చి, నా వైపు చూసి, చూపుడు వేలికి తడి చేసుకుని ఆ గీతనొక్కదాన్నే చెరిపింది. తలకట్టులు చెరిగిపోకుండా ఎంత నెమ్మదిగా చెరిపిందో!

నేను నా పెన్ను తీసి కాగితం మీద 7 అంకె వేసి చూపించాను. దాని నడుమున అడ్డగీత ఉంటుంది. జర్మనీ వెళ్లిన కొత్తలో నేను రాసిన 7 వాళ్లకు 1లా కనబడేది. ఒక ఫారం దానివల్లే తిరిగి వచ్చింది. అప్పటి నుంచి అడ్డగీత గీయడం అలవాటైంది. ఇప్పుడు ఖమ్మంలో కూరగాయల లెక్క రాసుకున్నా గీత పడుతుంది. ఇదంతా ఆ పిల్లకు ఏ భాషలో చెప్పను? 7 మీద గీతనూ, తన పలక మీద చెరిపిన చోటునూ వేలితో చూపించాను. ఆమె కాసేపు చూసింది. తర్వాత నా 7ను తన పలక మీద గీతతో సహా దించుకుంది.

ఆ సాయంత్రం వాళ్ల గుడిసెకు తీసుకెళ్లింది. వెదురు తడికలకు మట్టి మెత్తిన గోడలు, వాకిలి అద్దంలా అలికి ఉంది. వాళ్ల అవ్వ చాట ముందు కూర్చుని ఇప్పకాయలు పగలగొట్టి పలుకు తీస్తోంది. నూనె తీయడానికట. నన్ను చూసి ఒక్క ప్రశ్న అడగలేదు. ఏ ఊరు, ఏం పని, ఎందుకొచ్చావు, ఏదీ లేదు. ముందు చాప వేసింది. ఆకు దొప్ప కుట్టి నా చేతిలో పెట్టి, సొరకాయ బుర్రలోంచి జొన్న అంబలి వంచింది. కాస్త పులుపు, మట్టి కుండ చల్లదనం. దొప్ప ఖాళీ అయ్యేలోపే మళ్లీ వంచింది. "తాగు బిడ్డా" అంది. ఆమెకు వచ్చిన తెలుగు అదే అనుకుంటాను. మా ఇళ్లల్లో చుట్టం గడప తొక్కగానే సంగతులన్నీ లాగేస్తాం, కాఫీ ఆ తర్వాత వస్తుంది. ఇక్కడ ముందు దాహం తీర్చారు. అడగాల్సినవి ఉంటే తీరిగ్గా అడగొచ్చన్నట్టు.

దొప్ప చూపించి సైగ చేస్తే పిల్ల నాకు కోయ మాటలు చెప్పడం మొదలుపెట్టింది. బిందెలో నీళ్లు చూపించి "ఏర్" అంది. నేను "ఏరు" అన్నాను, వాగు వైపు చెయ్యి చూపించి. ఆమె తల అడ్డంగా ఊపి బిందెలో చెయ్యి పెట్టి నీళ్లు తీసి నా అరచేతిలో పోసింది. ఏర్. మనకు ఏరంటే పారేది, దాటేది, ఒడ్డున నిలబడి చూసేది. వాళ్లకు ఏరంటే తాగే నీళ్లు. ఒకే తల్లి మాట రెండిళ్లకు పోయి, ఒక ఇంట్లో ప్రవాహమైంది, ఒక ఇంట్లో దాహం తీర్చింది. తెలుగూ, కోయా, గోండీ ఒకే ద్రావిడ కుటుంబం అని పుస్తకంలో చదివి పరీక్ష రాశాను. ఆ చుట్టరికం అరచేతిలో చల్లగా తగిలింది అప్పుడే.

రాత్రి టీచరు ఇంట్లో పడుకున్నాక నిద్ర పట్టలేదు. చదువు చెప్పే దారి ఎవరికీ తెలియక ఈ పిల్లలు ఇలా ఉన్నారంటే ఒప్పుకోవచ్చు. కానీ దారి ఎప్పుడో వేశారు. 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు గోండు పిల్లలకు గోండీలోనే వాచకాలు రాయించి, గోండు యువకులనే పంతుళ్లుగా తయారు చేశాడు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, గోండి, కొలామి, సవర, కువి లాంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చారు. పిల్లవాడు ముందు తన మాటను తను చదువుకుంటే, ఆ అక్షరాల మీదుగానే తెలుగుకు వస్తాడు. ఆలోచన అంత సులువైనది. కానీ అడవి అంచున ఒక్కో బడిలో అది ఇప్పుడు ఒక టీచరు ఓపిక మీదా, ఒక వంట మనిషి దయ మీదా నిలబడి ఉంది.

నన్ను ఎక్స్‌ఛేంజ్ విద్యార్థి అన్నారు. ఆ మాటకు ఇచ్చిపుచ్చుకోవడం అని అర్థం. నేను వెళ్లాను, అక్కడి నుంచి ఒకబ్బాయి హైదరాబాద్ వచ్చాడు. ఈ పిల్ల ఇంతకన్నా పెద్ద ప్రయాణం చేసింది. భాషలు దాటింది, లిపి దాటింది, రాష్ట్రం సరిహద్దు దాటింది. రోజూ పొద్దున బడి గుమ్మం ఎక్కి మన భాషలోకి వస్తోంది. మన వైపు నుంచి ఎవరూ అటు వెళ్లడం లేదు. ఇవ్వడమంతా వాళ్ల వంతు. పైగా వాళ్లు ఆలస్యంగా నేర్చుకుంటే మొద్దులని మనమే అంటాం. నా మొదటి నెలల్లో నాకు జర్మన్ రాకపోతే అక్కడెవరూ నన్ను మొద్దు అనలేదు. "కొత్త కదా" అన్నారు. ఈ మాట అనిపించుకునే హక్కు ఆరేళ్ల కోయ పిల్లకు నాకన్నా ఎక్కువ ఉంది.

రెండో రోజు నా స్నేహితురాలు ఒకటో తరగతికి నేర్పిన మొదటి తెలుగు వాక్యం విన్నాను. అక్షరాలు కాదు, అంకెలు కాదు. "మళ్లీ చెప్పండి టీచర్." అందరి చేతా అనిపించింది. గొంతు పెంచి అనిపించింది. అర్థం కాకపోతే అడగాలని వంట అక్క కోయలో విడమరిచి చెప్పింది. చొక్కాలు పట్టుకుని కూర్చున్న చిన్నవాళ్లు కూడా అరిచి మరీ అన్నారు. ఆ అరుపుకు వరండాలో కోడి ఎగిరి గోడెక్కింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత నన్ను ముందుకు పిలిచి పట్టా మీద కూర్చోబెట్టింది. "ఈ మేడం కొత్త. కోయ రాదు. మీరు నేర్పండి" అంది. నిన్నటి పిల్ల లేచింది. గది, గోడ, చెయ్యి, వాన. ఒక్కోటి చూపించి ఒక్కో మాట చెప్పింది. నా నోరు తిరగలేదు. "మళ్లీ చెప్పు" అన్నాను. ఆమె విసుక్కోకుండా, పెదాలు చూపిస్తూ, నిదానంగా మళ్లీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పింది. పాఠం అయ్యాక నేను వేళ్ల కణుపులతో నా అట్ట మీద టకటక కొట్టాను. వాళ్లు తెల్లబోయి చూశారు. టీచరమ్మలకు అలా మర్యాద చేసే ఊరొకటి ఉందని వంట అక్క చేత చెప్పించాను. అంతే, ముప్పై పలకల మీద ముప్పై పిడికిళ్లు. తొమ్మిదేళ్ల టీచరమ్మ తల దించుకుని నవ్వింది.

బయల్దేరే ముందు నా స్నేహితురాలు తన నోట్‌బుక్ చూపించింది. పేజీకి రెండు గళ్లు. ఎడమవైపు పిల్లల నోటి నుంచి విన్న కోయ మాట, కుడివైపు తెలుగు. మొదటి పేజీలో పైనున్న మాట 'నన్న'. దాని కింద ఎర్ర సిరాతో గీత. చివరి పేజీలే కాదు, అట్ట లోపలి వైపు కూడా నిండిపోయింది. "నాకు మొక్కుబడి కానుకలేమీ వద్దు. ఈసారి వచ్చేటప్పుడు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తే. గళ్లు నేను గీసుకుంటా" అంది.

ఖమ్మం వచ్చి పది రోజులైంది. రెండు నోట్‌బుక్‌లు కొన్నాను, ఒకటి తనకు, ఒకటి నాకు. నా దాంట్లో మొదటి పేజీకి గీతలు గీసి, వచ్చినవి వచ్చినట్టు రాసుకున్నాను. నన్న, ఏర్, లోన్... పదకొండు దగ్గర ఆగిపోయాను. హైడెల్‌బెర్గ్‌లో మొదటి వారానికే ఇంతకు ఎన్నో రెట్లు నేర్చుకున్నాను. పన్నెండో వరసలో 'వాన' అని తెలుగు వైపు రాసి, కోయ వైపు ఖాళీ వదిలాను. ఆ పిల్ల మూడుసార్లు చెప్పింది, నేనే నిలుపుకోలేకపోయాను. దసరా సెలవులకు ముందే వెళ్లి, మళ్లీ చెప్పమని అడగాలి.